వారమునకు ఒక్క దినము
(మెథోట్రెక్సేట్ అను మందును గురించి పిల్లలును పెద్దలును తెలిసికొనవలసిన సంగతులు)

మన బోడినాయకనూరులో తెలుగు ఇండ్లకు మూడు భాషలతో పని. ఇంటిలో మాటలాడునది తెలుగు. వీధిలోను, ఆసుపత్రిలోను వినునది తమిళము. మందుపెట్టెపై అచ్చు వేసియుండునది ఇంగ్లీషు. తల్లులు తెల్లవారకముందే జీపులెక్కి కొండపైనున్న ఏలకుల తోటలకు పోవుదురు. ఇంట మిగిలిన అవ్వకు, తాతకు మందు చీటి చదివి వినిపించువారు బడిపిల్లలే. కావున ఈ పాఠము పరీక్ష కొరకు వ్రాసినది కాదు. ఇంటి కొరకు వ్రాసినది.

దీనిని వ్రాయుటకు ఒక కారణము కలదు. మా తరగతిలోని ఒక బాలిక కొన్ని దినములు బడికి రాలేదు. వచ్చిన పిమ్మట తల యెత్తి మాటలాడలేదు. కారణమడుగగా విషయము తెలిసినది. ఆమె అవ్వకు చాలకాలముగా చేతికీళ్ళు, మోకాళ్ళు వాచి నొప్పి. వైద్యుడు పరీక్షించి ఒక చిన్న మాత్ర వ్రాసి, వారమునకు ఒకటి మాత్రమే అని తమిళములో చెప్పెను. అవ్వకు ఆ మాట సరిగా వినబడలేదు. మందుల అంగడివారు ఇచ్చిన కాగితపు సంచిపై ‘1’ అను అంకె మాత్రము ఉండెను. దినము పేరు లేదు. బాలిక ఆ అంకె చూచి, రాత్రి భోజనమైన పిమ్మట ప్రతిదినము ఒక మాత్ర తన చేతితోనే అవ్వకు ఇచ్చెను. ఆరు దినములు గడచెను. ఏడవ దినమున అవ్వ నోరంతయు పుండ్లు పడి గంజియు మ్రింగలేకపోయెను. జ్వరము వచ్చెను. ఆసుపత్రికి కొనిపోగా వైద్యులు మాత్ర నాపి, విరుగుడు మందిచ్చి, రక్తపరీక్షలు చేయుచు చాలదినములు ఉంచుకొని, ఆమెను బ్రతికించి పంపిరి.

“నేనే ఇచ్చితిని అయ్యా” అని ఆ బిడ్డ మాతో అన్నది. తప్పు ఆ బిడ్డది కాదు. చదువవలసిన దానిని పెద్దలు వ్రాయలేదు. అడుగవలసిన దానిని మేము నేర్పలేదు. ఆ రెండవ లోపమునైనను తీర్చుటకే ఈ ప్రయత్నము.

ఆ బాలిక మరియొక ప్రశ్న యడిగెను. “అది కాన్సరు మందట. మా అవ్వకు కాన్సరా?” కాదు. తమిళములో పుట్రునోయి అనియు, మనలో పెద్దలు రాచపుండు అనియు పిలుచు ఆ వ్యాధికి వాడు మందునే కొద్ది మోతాదులో కీళ్ళవాతమునకును, సోరియాసిస్ అను చర్మవ్యాధికిని వాడుదురు. మందు పేరు మెథోట్రెక్సేట్. ఒకే మందు ఇన్ని రోగములకు ఎట్లు పనిచేయునో తెలియవలెనన్న, అది పుట్టిన కథ తెలియవలెను. ఆ కథలో మన తెలుగువాడొకడు కలడు.

మందు పుట్టిన కథ

మేము ఆంధ్రదేశమున ఉపాధ్యాయ శిక్షణ పొందునపుడు, పశ్చిమ గోదావరి జిల్లానుండి వచ్చిన సహాధ్యాయులు యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు గర్వముతో చెప్పుచుండిరి. ఆయన 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరములో జన్మించెను. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసులో ఉత్తీర్ణుడయ్యెను. పరీక్ష తప్పిన విద్యార్థులు ఈ మాట గుర్తుంచుకొందురు గాక. మద్రాసు వైద్యకళాశాలలో చదువునపుడు ఖద్దరు వస్త్రము ధరించినందున ఆంగ్లేయుడగు ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, పూర్తి పట్టమునకు బదులు దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. పట్టమునే పొందెను. ఆయన సోదరుడొకడు స్ప్రూ అను జీర్ణవ్యాధిచే మరణించెను. ఆ దుఃఖము ఆయన మనస్సునుండి ఎన్నడును తొలగలేదు.

తరువాత ఆయన అమెరికాకు పోయి, హార్వర్డు విశ్వవిద్యాలయములో పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ అను ఔషధసంస్థ ప్రయోగశాలలో చేరెను. అచ్చట ఆయన చేపట్టిన పనులలో ముఖ్యమైనది ఫోలిక్ ఆమ్లము. ఇది ఒక విటమిను. దీని జాడ మన దేశములోనే మొదట కనబడెను. 1928లో బొంబాయికి వచ్చిన లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు, గర్భిణులగు మిల్లు కార్మికులకు కలుగుచున్న రక్తక్షీణతను పరిశీలించి, ఈస్టు సారము తినిపించినచో అది తగ్గుచున్నదని కనుగొనెను. ఆ సారములోని గుణమునకు కారణమైన పదార్థమును 1941లో అమెరికాలో పాలకూర ఆకులనుండి వేరుచేసిరి. లాటిను భాషలో ‘ఫోలియం’ అనగా ఆకు. అందుచే ఫోలిక్ ఆమ్లమను పేరు వచ్చెను. 1945లో సుబ్బారావుగారి బృందము దానిని ప్రయోగశాలలో తయారుచేసినట్లు ప్రకటించెను. సోదరుని బలిగొన్న స్ప్రూ వ్యాధికి కూడ ఆ మందు ఉపయోగపడెను.

ఆ దినములలో బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు రక్తపు కాన్సరు సోకిన పిల్లలకు చికిత్స చేయుచుండెను. ఫోలిక్ ఆమ్లపు జాతి పదార్థములు ఇచ్చినచో ఆ వ్యాధి తగ్గుటకు మారుగా పెరుగుచున్నట్లు ఆయనకు తోచెను. అట్లయినచో దానికి వ్యతిరేకమైన పదార్థము నిచ్చిన వ్యాధి అణగవలెను గదా! సుబ్బారావుగారి ప్రయోగశాల అట్టి పదార్థములను తయారుచేసి పంపెను. వానిలో అమినాప్టెరిన్ అనునది పనిచేసెను. 1948 జూనులో ఫార్బరు ప్రకటించిన వ్యాసము ప్రకారము, మందు పుచ్చుకొన్న 16 మంది పిల్లలలో 10 మందికి గుణము కనబడెను. ఆ గుణము తాత్కాలికమే. వ్యాధి మరల వచ్చెను. అయినను అంతకుముందు మందే లేని రోగమునకు ఒక ద్వారము తెరువబడెను. సుబ్బారావుగారు అదే సంవత్సరము ఆగస్టులో, తన 53వ ఏట, నిద్రలోనే కన్నుమూసెను.

అమినాప్టెరిన్‌కు తోబుట్టువువంటిదే మెథోట్రెక్సేట్. ఇదియు అదే ప్రయోగశాలలో పుట్టెను. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అను వైద్యులు, గర్భసంబంధమైన ఒక కాన్సరు ఈ ఒక్క మందుతోనే నయమగుచున్నదని వెల్లడించిరి. రక్తపు కాన్సరు సోకిన పిల్లలకు ఇతర మందులతో కలిపి నేటికిని దీనినే వాడుచున్నారు. మంచి చికిత్స దొరకిన దేశములలో, పిల్లలలో ఎక్కువగా కనబడు రక్తపు కాన్సరు సోకిన 10 మందిలో 8 మందికి పైగా బ్రతుకుచున్నారు. కీళ్ళవాతమునకు దీనిని వాడుటకు అమెరికా ప్రభుత్వము 1988లో అనుమతి నిచ్చెను.

మందు పనిచేయు విధము

మన శరీరము కణములతో నిర్మితమైనది. ఒక కణము రెండగుటకు ఫోలిక్ ఆమ్లము కావలెను. అయితే ఆ ఆమ్లమును పనికివచ్చు రూపమునకు మార్చునట్టి ఎంజైము ఒకటి కలదు. ఆ ఎంజైమును తాళముగను, ఫోలిక్ ఆమ్లమును తాళపుచెవిగను భావింపుడు. మెథోట్రెక్సేట్ ఆ తాళపుచెవిని పోలిన దొంగచెవి. అది తాళములో దూరును. తిరుగదు, బయటికి రాదు. అసలు చెవికి చోటు లేక కణముల పెరుగుదల ఆగిపోవును.

కాన్సరు కణములు అదుపు లేక పెరుగునవి. అందుచే మందు వానిని దెబ్బతీయును. కాని మందుకు మంచి కణమేదో, చెడు కణమేదో తెలియదు. శరీరములో త్వరగా పెరుగు మంచి కణములును కొన్ని కలవు. నోటిలోపలి పొర, ప్రేగులలోపలి పొర, వెండ్రుకల కుదుళ్ళు, ఎముకలలో రక్తమును తయారుచేయు మజ్జ అట్టివి. అవియు దెబ్బతినును. నోటి పుండ్లు, వాంతులు, వెండ్రుకలు రాలుట, రక్తము తగ్గుట మొదలగు వాని కన్నిటికి మూలమిదియే.

కీళ్ళవాతములో కాన్సరు లేదు. అచ్చట శరీరపు రక్షణశక్తి దారితప్పి తన కీళ్ళమీదనే దాడిచేయును. కొద్దిపాటి మెథోట్రెక్సేట్ ఆ దాడిని శాంతింపజేయును. గుణము వెంటనే కనబడదు; కొన్ని వారములు పట్టును.

వారమునకు ఒక్క దినమే ఎందులకు?

ఇదియే పాఠములో ప్రధానమైన భాగము. కీళ్ళవాతమునకు, సోరియాసిస్‌కు మాత్రల రూపమున ఇచ్చునపుడు మెథోట్రెక్సేట్ వారములో ఒక్క దినము మాత్రమే పుచ్చుకొనవలెను. తక్కిన ఆరు దినములలో మంచి కణములు కోలుకొనును. ప్రతిదినము పుచ్చుకొన్నచో ఆ విరామము ఉండదు. లెక్క చూడుడు. వారమునకు 10 మిల్లీగ్రాములని వైద్యుడు చెప్పగా దినమునకు 10 చొప్పున ఇచ్చినచో, వారమునకు 70 మిల్లీగ్రాములగును. నష్టము ఏడురెట్లతో ఆగదు. కోలుకొను అవకాశమే లేకపోవుటచేత మజ్జ ఎండిపోవును, ప్రాణమునకే ముప్పు కలుగును. ఇట్టి పొరపాటువలన మరణించినవారు అనేక దేశములలో కలరు. వారిలో చదువుకొన్నవారును కలరు.

రక్తపు కాన్సరు సోకిన పిల్లల ఇండ్లలో మరింత జాగ్రత్త అవసరము. చికిత్స చివరి దశలో వారికి ఇంటివద్ద రెండు మందులు ఇత్తురు. మెర్కాప్టోప్యూరిన్ ప్రతిదినము, మెథోట్రెక్సేట్ వారమునకొకసారి. రెండును చిన్నమాత్రలే. ఒకదానికి బదులు మరియొకటి పడకుండ వేరువేరు డబ్బాలలో ఉంచవలెను. ఆసుపత్రిలో సూదిద్వారా ఎక్కువ మోతాదు ఇచ్చునపుడు పద్ధతి వేరు. అప్పుడు విరుగుడు మందును వైద్యులే గడియారము చూచి వేళకు ఇత్తురు.

ఫోలిక్ ఆమ్లపు మాత్ర సంగతి కూడ తెలియవలెను. కీళ్ళవాతపు రోగులకు నోటి పుండ్లు, వాంతులు తగ్గుటకై వైద్యులు సాధారణముగా దానిని కూడ వ్రాయుదురు. చాలమంది మెథోట్రెక్సేట్ వేసుకొనని దినములలో వేసుకొనుమందురు. రెండు మాత్రలును చిన్నవియై పసుపురంగులో ఉండవచ్చును. రంగు చూచి ఇయ్యరాదు; పేరు చదివి ఇయ్యవలెను. కాన్సరుకై మందు వాడువారు మాత్రము ఫోలిక్ ఆమ్లమును గాని, బలమునకని అమ్ము విటమిను మాత్రలను గాని వైద్యుని అడుగక పుచ్చుకొనరాదు. అవి మందు పనికి అడ్డురావచ్చును.

ఓర్చుకొనదగినవి, ఓర్చుకొనరానివి

మందు వేసుకొన్న దినమున, మరునాడు కొంచెము వికారము, అలసట, ఆకలి తగ్గుట సాధారణము. రాత్రి భోజనానంతరము వేసుకొన్న కొందరికి వికారము తెలియదు. కొద్ది మోతాదులో వెండ్రుకలు కొంచెము పలుచబడవచ్చును. కాన్సరు చికిత్సలో ఇతర మందులతో కలిసినపుడు ఎక్కువగా రాలవచ్చును. చికిత్స ముగిసిన పిమ్మట మరల మొలచును. వీనిని గురించి తరువాతి పరీక్షకు పోయినపుడు వైద్యునికి చెప్పినచో చాలును.

కాని ఈ క్రింది గుర్తులలో ఏది కనబడినను, తరువాతి మాత్ర వేయక, ఆ దినమే ఆసుపత్రికి పోవలెను. 100.4 డిగ్రీల ఫారన్‌హీటు లేక అంతకు మించిన జ్వరము, చలి, మ్రింగలేనంతగా నోటి పుండ్లు, పొడిదగ్గు, ఆయాసము, చిగుళ్ళనుండి గాని ముక్కునుండి గాని రక్తము, కారణము లేక చర్మముపై నల్లని కమిలిన మచ్చలు, కండ్లు పచ్చబడుట, ఆగని వాంతులు, విరేచనములు, మూత్రము బాగుగా తగ్గుట. పొరపాటున ఒక మాత్ర ఎక్కువ పడినదని తెలిసినచో గుర్తుల కొరకు కాచియుండరాదు. మందుపెట్టె చేతపట్టుకొని వెంటనే పోవలెను. విరుగుడు ఎంత త్వరగా ఇచ్చిన అంత మేలు. బండి లేనివారు 108 నంబరునకు టెలిఫోను చేయవచ్చును.

మందు కాలేయమును, మూత్రపిండములను, రక్తమును బాధించుచున్నదేమో పైకి కనబడదు. అందుకే నియమిత కాలమున రక్తపరీక్ష. “ఒళ్ళు బాగుగనే ఉన్నది, పరీక్ష ఎందుకు?” అని మానరాదు.

కూడనివి

మద్యము కూడదు, మందును మద్యమును రెండును కాలేయమును దెబ్బతీయును. కొండపని చేసివచ్చినవారు ఒళ్ళునొప్పులకు అంగడిలో కొను మాత్రలు వైద్యుని అడుగక వాడరాదు. వానిలో కొన్ని ఈ మందును శరీరమునుండి పోనీయక నిలిపివేయును. కో-ట్రైమాక్సజోల్ అను క్రిమిసంహారక మందు దీనితో కలిసిన రక్తము ప్రమాదకరముగా తగ్గవచ్చును. వైద్యుడు తెలిసి ఇచ్చిన సరే, మనమై కొనరాదు. ఏ వైద్యుని యొద్దకు పోయినను, నాటువైద్యుని యొద్దకైనను, “మెథోట్రెక్సేట్ వాడుచున్నాము” అని మొదట చెప్పవలెను.

గర్భిణులు, పాలిచ్చు తల్లులు ఈ మందు పుచ్చుకొనరాదు. గర్భములోని శిశువునకు మహాప్రమాదము. బిడ్డను కోరువారు, స్త్రీలేగాక పురుషులును, ఎంతకాలము ఆగవలెనో వైద్యుని అడుగవలెను. గర్భిణులు ఈ మాత్రలను ఒట్టిచేతితో తాకరాదు. మాత్రను నూరరాదు, విరువరాదు. పసిపిల్లలకు అందని చోట ఉంచవలెను. ఒక వారము మరచినచో మరుసటి వారము రెండింతలు వేయరాదు, వైద్యుని అడుగవలెను.

ఇంకొక మాట. కాన్సరు అంటువ్యాధి కాదు. మందు పుచ్చుకొనువారితో కలిసి కూర్చుండవచ్చును, తినవచ్చును. రక్తము తగ్గియున్నపుడు మనవలన వారికి జలుబు, జ్వరము అంటకుండ చూచుటయే మన బాధ్యత. ఈ పాఠము చదివి భయపడి మందు మానివేయుట మరియొక పెద్ద తప్పు. క్రమముగా వాడిన వేలమందికి ఈ మందు మేలుచేసినది. మానవలెనా, తగ్గింపవలెనా అనునది వైద్యుడు నిర్ణయింపవలసిన విషయము. మనకు సందేహము కలిగినపుడు పోవుటకు తేనిలో ప్రభుత్వ వైద్యకళాశాల ఆసుపత్రియు, మదురలో ప్రభుత్వ రాజాజీ ఆసుపత్రియు కలవు. కాన్సరు చికిత్సకు మద్రాసు అడయారులో డాక్టరు ముత్తులక్ష్మీ రెడ్డిగారి కృషివలన 1954లో ఏర్పడిన కాన్సరు సంస్థ ప్రసిద్ధమైనది.

చీటి చదువు బిడ్డ చేయవలసిన పనులు

ఒకటి: వైద్యునిగాని మందులు ఇచ్చువారినిగాని “ఇది దినమునకా, వారమునకా? ఏ దినము?” అని అడుగుడు. సిగ్గుపడకుడు. వారు చెప్పినదానిని మరల వారికే చెప్పి, సరియేనా అని అడుగుడు.

రెండు: దినము పేరు పెట్టెపై పూర్తిగా, రెండు భాషలలోను వ్రాయుడు. మన ఇండ్లలో పెద్దలు కొందరు గురువారమనియు, కొందరు వియాళన్ అనియు అందురు. రెండును వ్రాసినచో తగవు లేదు. సోమవారమును ఎంచుకొనకుండుట మేలు. ఇంగ్లీషులోని ‘మండే’ అను మాటను తొందరలో ‘మార్నింగు’ అని చదివి ప్రతి ఉదయము మాత్ర ఇచ్చిన సందర్భములు వైద్యలోకములో కలవు.

మూడు: ఆ దినమున ఎన్ని మాత్రలో అంకెలోను, అక్షరములలోను వ్రాయుడు. మాత్రలు 2.5, 5, 7.5, 10 మిల్లీగ్రాములుగా వేరువేరుగా దొరకును. కొత్త పెట్టె కొన్నప్పుడెల్ల ఆ అంకె చూడుడు.

నాలుగు: గోడమీది క్యాలెండరులో ఆ దినమునకు సున్న చుట్టుడు. మాత్ర వేసిన వెంటనే దానిని కొట్టివేయుడు. కొట్టివేసిన వారములో మరల ఇయ్యకుడు, అవ్వ అడిగినను సరే.

ఐదు: సంచిపై అంకె మాత్రముండి దినము లేనిచో మాత్ర ఇయ్యకుడు. మరల పోయి అడుగుడు. ఒక పూట ఆలస్యమైన నష్టము లేదు.

ఆ బాలిక అవ్వ ఇప్పుడు ఇంటనే కూర్చుండి, ఏలకులను జల్లించి వేరుచేయుచున్నది. వైద్యుడు కొన్ని నెలలు చూచి, రక్తము సరియైన పిమ్మట, అదే మందును తక్కువ మోతాదులో మరల మొదలిడెను. ఈ మారు పెట్టెపై ‘గురువారము’ అని తెలుగులోను, ‘వియాళన్’ అని తమిళములోను పెద్ద అక్షరములతో వ్రాసియున్నది. వ్రాసినది ఆ బాలికయే. అక్షరములు కుదురుగా ఉన్నవి.

ఇంటిపని: నేటి సాయంకాలము మీ ఇంటిలోనున్న మందులన్నియు ముందుంచుకొని, ఒక్కొక్కదాని పేరు, ఎవరికి, ఏ దినము, ఏ వేళ, ఎన్ని అను ఐదు సంగతులను తెలుగులో ఒక కాగితముపై వ్రాయుడు. తెలియని చోట ఖాళీ విడువుడు. ఆ ఖాళీలను ఊహించి నింపకుడు. వైద్యుని అడిగి నింపుడు. ఆ కాగితమును గోడకు అంటింపుడు.